సనదుల రాజ్యం

కార్వేటినగరం, శ్రీకాళహస్తి, వెంకటగిరి, పుంగనూరు... తిరుపతి, చిత్తూరు సీమలో ఒకప్పుడు ఊరి పేరు చెబితే వెంటనే ‘రాజావారు’ గుర్తొచ్చేవారు. ఆ హోదాలు ఎలా వచ్చాయి, ఎలా పోయాయి, వాటి వెనుక మిగిలిందేమిటి?

చంద్రగిరి నుంచి విజయనగర ప్రభువులు ఏలిన రోజుల్లో ఈ సీమ నాయకులకు హోదా కత్తితో వచ్చింది. కబురొస్తే బలగంతో కదలాలి, అడవి దారులకు కావలి కాయాలి. బదులుగా పాళెం అనుభవించవచ్చు. 1639లో దామెర్ల వెంకటప్ప నాయకుడు ఈస్టిండియా కంపెనీకి మద్రాసు తీరంలో జాగా ఇచ్చాడు. ఆయన తండ్రి చెన్నప్ప పేరిటే చెన్నపట్నం వెలిసింది. శ్రీకాళహస్తి జమీందార్లది ఆ వంశమే. అలా జాగా పుచ్చుకున్న కంపెనీయే 1802లో ఆ ఇంటికి శాశ్వత శిస్తు సనదు రాసిచ్చింది!

కత్తి పోయి కిస్తు

వెంకటగిరికీ, కార్వేటినగరానికీ అప్పుడే సనదులు దక్కాయి. బలగాలు రద్దయ్యాయి, ఏటా పేష్కష్ కట్టడమే విధి అయింది. చిత్తూరు కొండల పాళెగాళ్లు మాత్రం లొంగలేదు. 1804లో తిరగబడితే కంపెనీ సైన్యం అణచివేసి పాళేలను లాక్కుంది.

స్కాట్లాండ్ ప్రభువులదీ ఇదే దారి. 1746లో కల్లోడెన్ యుద్ధంలో తిరుగుబాటు ఓడాక, మరుసటి ఏడాదే వంశపారంపర్య న్యాయాధికారాన్ని చట్టం ఊడబెరికింది. 1707లో ఇంగ్లండ్‌తో కలిశాక వాళ్లలో 16 మందే ప్రభువుల సభకు ఎన్నికయ్యేవారు. అందరికీ ప్రవేశం 1963లో దొరికినా, పుట్టుకతో వచ్చే ఆ హక్కు 1999లో రద్దయింది. 2004లో భూస్వామ్య భూహక్కు పద్ధతి కూడా ముగిసింది. బిరుదులు మాత్రం ఇప్పటికీ తండ్రి నుంచి కొడుక్కి, కొన్ని వంశాల్లో కూతురికి వెళ్తున్నాయి.

దత్త మండలాల పాళెగాళ్లను అణచి, రైతువారీ పద్ధతికి పాదు వేసిన థామస్ మన్రో కూడా స్కాట్లాండ్‌వాడే. గ్లాస్గోలో పుట్టాడు. 1825లో ఆయనకు బారనెట్ హోదా వచ్చింది. ఆ సంగతి ఇక్కడ ఎవరికీ పట్టదు. తిరుమల నైవేద్యంలోని మన్రో గంగాళమే ఆయన పేరు నిలిపింది.

నిలిచినవి ఇవే

కార్వేటినగరం ఆస్థానంలో సారంగపాణి వేణుగోపాలుడి ముద్రతో పదాలు కట్టాడు. ఆ స్వామి గుడి అక్కడే ఉంది. శ్రీకాళహస్తిలో వెదురు కలం పట్టి, కరక్కాయ నీళ్లలో తడిపి ఆరబెట్టిన బట్టపై పురాణ కథ గీసే చేతులకు జమీందార్ల ఆదరణ దక్కింది. ఇనుము ముక్కలూ బెల్లమూ రోజుల తరబడి నానబెట్టిన ద్రావణంతో నల్లటి గీత ఇప్పటికీ అలాగే దిగుతోంది. వెంకటగిరి మగ్గాలూ ఆడుతున్నాయి.

అయితే ఈ వైభవానికి ఖర్చు పెట్టింది రైతు. పేష్కష్ పోను మిగిలిన శిస్తే దివాణం ఆదాయం. అందుకే 1948లో మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టం రావడం న్యాయం. 1950లో రాజ్యాంగం 18వ అధికరణం ప్రభుత్వం బిరుదులివ్వకుండా తలుపు మూసింది.

బిరుదులు మళ్లీ రానక్కర్లేదు. కానీ సనదులు, శిస్తు లెక్కలు, దావా కాగితాలు చెదలపాలు కాకూడదు. మీ ఇంటి అటకపై అలాంటి కట్ట ఉంటే ప్రాచ్యలిఖిత భాండాగారానికో, విశ్వవిద్యాలయానికో నకలైనా ఇవ్వండి. అందులో రాజుగారి పేరుతో పాటు శిస్తు కట్టిన మీ ముత్తాత పేరూ ఉండవచ్చు.