ఎప్పుడు ఆగాలో తెలియాల్సిన యంత్రం

2013లో శాస్త్రవేత్తల దృష్టి ఒమాన్ ఒంటెల మీద పడింది. పందేలు మానేసిన 50 ఒంటెల రక్తం పరీక్షిస్తే, యాభైకి యాభైలోనూ మెర్స్ కరోనా వైరస్‌నో, దాని దగ్గరి చుట్టాన్నో ఎదుర్కొన్న యాంటీబాడీలు కనిపించాయి. మెర్స్ సోకిన ఒంటెకు మహా అయితే జలుబు చేస్తుంది. అదే వైరస్ మనుషులకు సోకినప్పుడు, నిర్ధారణ అయిన రోగుల్లో సుమారు 35 శాతం మంది చనిపోయారు.

వైరస్ ఒకటే అయినా ఒక జీవి తట్టుకుంటుంది, మరొకటి కూలిపోతుంది. మెర్స్ లాంటి వైరస్‌లను గబ్బిలాలు ఎలా తట్టుకుంటున్నాయో 2019లో సింగపూర్ పరిశోధకులు కొంత తేల్చారు. గబ్బిలం కణాల్లో ముప్పును పసిగట్టే ఎన్‌ఎల్‌ఆర్‌పి3 అనే గ్రాహకం మందకొడిగా పనిచేస్తుంది. మెర్స్ వైరస్‌తోనూ పరీక్షించి చూశారు. వైరస్ మోతాదు పెద్దగా తగ్గలేదు, వాపును రేపే స్పందన మాత్రం బాగా తగ్గింది. అంటే గబ్బిలం వైరస్‌ను గెలవడం లేదు, దానితో రాజీపడి బతుకుతోంది!

ఎన్‌ఎల్‌ఆర్‌పి3 కథ వైరస్‌లతో మొదలు కాలేదు. చలిగాలి తగిలితే చాలు, దద్దుర్లు, జ్వరం, కీళ్ల నొప్పులు వచ్చే కుటుంబాలు కొన్ని ఉన్నాయి. వాళ్లలో ఏ క్రిమీ ఉండదు. ఈ వంశపారంపర్య జబ్బుకు కారణమైన జన్యువును 2001లో హాల్ హాఫ్‌మన్ బృందం పట్టుకుంది. ఎన్‌ఎల్‌ఆర్‌పి3ని తయారుచేసే జన్యువు అదే. మరుసటి ఏడాది స్విట్జర్లాండ్‌లోని లొసాన్‌లో యుర్గ్ చాప్, ఫాబియో మార్టినాన్ బృందం ఇలాంటి గ్రాహకాలు ఒంటరిగా కాక, మరికొన్ని ప్రొటీన్లతో కలిసి ఒక యంత్రంగా కూడతాయని చూపించింది. దానికి ఇన్‌ఫ్లమసోమ్ అని పేరు పెట్టింది.

ఈ యంత్రం ఎప్పుడూ సిద్ధంగా ఉండదు, అవసరం పడ్డప్పుడే భాగాలు కూడుకుంటాయి. కణంలోకి వైరస్ చొరబడిన అలికిడి తగలగానే ఎన్‌ఎల్‌ఆర్‌పి3 ప్రొటీన్లు గుమిగూడతాయి. వాటికి ఏఎస్‌సీ అనే ప్రొటీన్ తోడవుతుంది. దాన్ని ఆసరా చేసుకుని కాస్పేస్-1 అనే ఎంజైమ్ మేలుకుంటుంది. దాని పని కత్తెర పని. ఇంటర్‌ల్యూకిన్-1 బీటాను కత్తిరిస్తే అది జ్వరానికీ వాపుకీ పిలుపవుతుంది. గాస్‌డెర్మిన్-డి అనే ప్రొటీన్‌ను కత్తిరిస్తే, ఆ ముక్కలు కణం పొరకు రంధ్రాలు పొడుస్తాయి. కణం పగిలి చస్తుంది. వైరస్ అందులో ఇక పిల్లలు పెట్టలేదు.

ఈ యంత్రం గురించి మనకు తెలిసినదానిలో కొంత భాగం కొత్తగూడెంలో పెరిగిన కన్నెగంటి తిరుమలాదేవి ప్రయోగశాల నుంచి వచ్చింది. ఆమె అక్కడి సింగరేణి మహిళా డిగ్రీ కళాశాలలో కెమిస్ట్రీ, జువాలజీ, బోటనీ చదివారు. ఉస్మానియాలో పీహెచ్‌డీ చేశారు. అప్పటి పని బూజు విషాల మీద: మిరియాలు, ధనియాలు, అల్లం, పసుపులో ఓక్రాటాక్సిన్ ఉందేమో పరీక్షించడం. తర్వాత అమెరికాలో బంగాళాదుంపకు తెగులు తెచ్చే క్రిమి మొక్క కణాలను ఎలా చావువైపు నెడుతుందో పరిశోధించారు. మొక్కల కణాల్లోనూ ఇదే తరహా గ్రాహకాలుంటాయి కాబట్టి పంట తెగుళ్ల నుంచి మనిషి రోగాలకు రావడం ఆమెకు పెద్ద దూరమేమీ కాలేదు. 2007లో మెంఫిస్‌లోని సెయింట్ జూడ్ ఆసుపత్రిలో చేరారు.

2009లో ఆమె బృందం ఎన్‌ఎల్‌ఆర్‌పి3 లేని ఎలుకలకు ఇన్‌ఫ్లుయెంజా ఎక్కించింది. మామూలు ఎలుకల కంటే అవే ఎక్కువగా చనిపోయాయి. యంత్రం కావాలన్నమాట! కానీ 2016లో ఈ యంత్రాన్ని కదిలించే జెడ్‌బిపి1 అనే మరో లోపలి గ్రాహకం లేని ఎలుకలకు అదే వైరస్ ఇస్తే అవి బతికి బట్టకట్టాయి. వాపు తగ్గడమే కారణమని తేల్చారు. అదే ఏడాది ఫిలడెల్ఫియాలో సిద్ధార్థ్ బాలచంద్రన్ బృందం ప్రయోగంలో ఆ గ్రాహకం లేని ఎలుకలు వైరస్‌ను అదుపు చేయలేక చనిపోయాయి. రెండూ పేరున్న పత్రికల్లో అచ్చయిన ఫలితాలే. వైరస్‌ను ఆపడమూ, ఊపిరితిత్తులను కాపాడుకోవడమూ ఒకటే పని కాదని ఈ వైరుధ్యమే బాగా చెబుతుంది.

కొవిడ్ వచ్చాక ఆమె బృందం 2021లో ఇంకో మెట్టెక్కింది. టీఎన్‌ఎఫ్, ఇంటర్‌ఫెరాన్ గామా అనే రెండు వాపు సంకేతాలు విడివిడిగా చేయని నష్టాన్ని కలిస్తే చేస్తాయనీ, రెండింటినీ అడ్డుకుంటే కొవిడ్ సోకిన ఎలుకల్లో మరణాలు తగ్గుతాయనీ చూపింది. మూడు రకాల కణ మరణాలు కలగలిసిపోయే ఈ తీరుకు పానోప్టోసిస్ అని ఆమె అంతకుముందే పేరు పెట్టారు. 2022లో మరో హెచ్చరిక వచ్చింది. వైరస్‌కు మందుగా ఇచ్చే ఇంటర్‌ఫెరానే కరోనా జాతి వైరస్ సోకిన ఎలుకల్లో జెడ్‌బిపి1 ద్వారా మరణాలను పెంచింది.

మనుషుల్లో ఇంటర్‌ఫెరాన్ ఇచ్చే వేళ ఎంత ముఖ్యమో సౌదీలో 95 మంది మెర్స్ రోగులపై జరిగి, 2020లో వెలువడిన ప్రయోగం చూపింది. ఇంటర్‌ఫెరాన్ బీటా-1బికి లోపినావిర్-రిటోనావిర్ అనే వైరస్ మందులు కలిపి ఇస్తే మరణాలు తగ్గాయి. లక్షణాలు మొదలైన ఏడు రోజుల్లోపు చికిత్స అందినవారికి ఎక్కువ మేలు జరిగింది.

యంత్రాన్ని మొత్తంగా ఆపేయకుండా, అది వెలువరించే ఇంటర్‌ల్యూకిన్-1ను మాత్రమే అడ్డుకునే మందు అనాకిన్రా. చలికి జ్వరం వచ్చే ఆ కుటుంబాలకూ అదే వాడతారు. 2021 డిసెంబరులో యూరప్‌లో ఆ మందును కొవిడ్ న్యుమోనియాకు కూడా అనుమతించారు. అందరికీ కాదు. ఆక్సిజన్ అవసరమై, జబ్బు ముదిరే ముప్పు ఉందని రక్త పరీక్షలో తేలిన పెద్దవాళ్లకే.