పగటి రేడియోను మింగే పొర

మీడియం వేవ్ రేడియో విన్నవాళ్లకు గుర్తుండే ఉంటుంది. మధ్యాహ్నం గరగర తప్ప ఏమీ వినిపించని చోటే రాత్రి తొమ్మిదికి ఏ దూరపు స్టేషనో ఖంగుమని పలికేది.

అపోహ: రాత్రి గాలి చల్లబడి సద్దుమణగడమే దానికి కారణం.

వాస్తవం: చల్లదనానికి ఇందులో పాత్ర లేదు. అసలు సంగతి నేలకు 60 నుంచి 90 కిలోమీటర్ల ఎత్తున, అయనావరణంలో అట్టడుగున ఉన్న డి పొరలో ఉంది. పగలు సూర్యుడి అతినీలలోహిత కాంతి అక్కడి నైట్రిక్ ఆక్సైడ్ నుంచి ఎలక్ట్రాన్లను ఊడగొడుతుంది. వంద కోట్ల అణువులకు ఒక్క ఎలక్ట్రాన్ కూడా ఉండదు. ఆ కాసినే చాలు. రేడియో తరంగం తగిలితే అవి ఊగుతాయి, పక్కనున్న అణువులను గుద్దుకుని ఆ శక్తిని వేడిగా పోగొడతాయి. పొద్దుగూకాక పొర పలచబడుతుంది. తరంగాలు పైనున్న పొరల దాకా వెళ్లి, వంగి, ఎక్కడో దూరాన దిగుతాయి.

అపోహ: అయనావరణమంతా రేడియోకు అద్దమే.

బడి పుస్తకంలోని బొమ్మ చేసిన పని ఇది. మీడియం వేవ్‌కు డి పొర అద్దం కాదు, స్పాంజి. కానీ 3 నుంచి 30 కిలోహెర్ట్జ్‌ల తరంగాలకు మాత్రం నిజంగానే అద్దం. అవి ఈ పొరకూ భూమికీ మధ్య సొరంగంలో పోయినట్టు వేల కిలోమీటర్లు పోతాయి, సముద్రపు నీటిలోకీ కొన్ని మీటర్లు చొరబడతాయి. వికారాబాద్ జిల్లా దామగుండంలో 2024 అక్టోబరులో శంకుస్థాపన జరిగిన నౌకాదళ కేంద్రం ఇందుకే. అందరూ దాన్ని రాడార్ అంటున్నారు గానీ, అది జలాంతర్గాములకు కబురు పంపే స్టేషన్.

అపోహ: సూర్యుడిపై జ్వాల ఎగిస్తే సెల్‌ఫోన్లు మూగబోతాయి.

డి పొర దెబ్బ తగిలేది షార్ట్ వేవ్‌కు. ఎక్స్-కిరణాలు ఎనిమిది నిమిషాల్లో వచ్చి, పగలున్న వైపు పొరను ఒక్కసారిగా చిక్కబరుస్తాయి. 2017 సెప్టెంబరు 6న ఎక్స్9.3 తరగతి జ్వాల ఎగసినప్పుడు కరీబియన్ దీవులను ఇర్మా తుపాను ముంచెత్తుతోంది. సహాయానికి నమ్ముకున్న షార్ట్ వేవ్ అక్కడ సరిగ్గా ఆ వేళే చచ్చుబడింది. సెల్‌ఫోన్ తరంగాలకు ఈ పొరతో పనే లేదు.

ఇక డి ఉందంటే కింద ఏ, బీ, సీ ఉండాలి కదా అనేవాళ్లున్నారు. ఈ పొరలకు పేర్లు పెట్టిన శాస్త్రవేత్త ఆపిల్టన్ తనకు మొదట దొరికిన పొరకు విద్యుత్ క్షేత్రపు గుర్తైన ‘ఈ’ పెట్టి, కింద ఇంకేవైనా దొరుకుతాయేమోనని ముందు అక్షరాలను వదిలేశాడు. ఏ, బీలకు ఇప్పటికీ గిరాకీ లేదు.