నిద్రలో పక్క తడుపు పిల్లలు

వేసవి సెలవులు ముగిసి వసతిగృహము తెఱచిన మొదటి వారములో ఏటేట నేనొక సంగతి గమనించుచుందును. క్రొత్తగా చేరిన బాలురలో ఒకరిద్దఱు తెల్లవాఱకమునుపే లేచి, తమ చాపను చుట్టుకొనిపోయి, ఎవరి కంటను పడనిచోట ఆరవేయుదురు. రాత్రి భోజనమువేళ మంచినీరు ముట్టరు. స్నేహితుని ప్రక్కను పరుండుమన్న పరుండరు. కారణమడిగిన తల వంచుకొందురు. ఈ పత్రికను చదువు విద్యార్థులలో అట్టివారు తప్పక ఉందురు గనుకను, వారి తల్లిదండ్రులును దీనిని చదువుదురు గనుకను, సిగ్గునకు లోబడి ఈ విషయమును విడిచిపెట్టుట న్యాయము కాదని తలంచి వ్రాయుచున్నాను.

మొదట లెక్కలు చూతము. 5 ఏండ్ల పిల్లలలో నూటికి సుమారు 15 మందియు, 10 ఏండ్లవారిలో సుమారు అయిదుగురును నిద్రలో పక్క తడుపుదురు. యౌవనము వచ్చిన పిమ్మటను నూటికి ఒకరిద్దఱికి ఈ బాధ మిగిలియుండును. బాలికలకంటె బాలురలో ఇది హెచ్చు. 40 మంది గల అయిదవ తరగతిలో ఇద్దఱుందురన్నమాట. ఆ యిద్దఱిలో ప్రతివాడును లోకములో ఇట్టివాడను నేనొక్కడనే అనుకొనుచుండును. ఇట్టి పిల్లలలో ఏటికి నూటికి సుమారు 15 మంది ఏ చికిత్సయు లేకయే మానుదురు.

ఇది సోమరితనమును కాదు, మొండితనమును కాదు. రాత్రివేళ మెదడునుండి వాసోప్రెస్సిన్ అను రసము హెచ్చుగా వెలువడి, మూత్రపిండములు నీటిని తక్కువగా విడుచునట్లు చేయును. కొందఱు పిల్లలలో ఈ రసము రాత్రి చాలినంత ఊరదు. మఱికొందఱిలో మూత్రాశయము నిండకమునుపే ముడుచుకొనును. అది యెంత పట్టవలెనో తెలిసికొనుటకొక సులభమైన లెక్క కలదు. పిల్లవాని వయస్సునకు 1 కలిపి, 30చే గుణించిన మిల్లీలీటరులు వచ్చును. 8 ఏండ్లవానికి 270. ఈ రెండింటిలో ఏ లోపమున్నను మెలకువ వచ్చినచో బిడ్డ లేచి పోవును, పక్క తడియదు. మూత్రాశయము నిండెనను వార్త నిద్రించు మెదడును లేపలేకపోవుటయే అసలు చిక్కు.

ఇది కొంతవఱకు వంశమున వచ్చునది. తల్లిదండ్రులలో ఒకరికి బాల్యమున ఈ బాధ యున్నచో పిల్లలలో నూటికి సుమారు 44 మందికిని, ఇరువురికిని ఉన్నచో సుమారు 77 మందికిని వచ్చునని పరిశోధనలలో తేలినది. కొడుకును కొట్టబోవు తండ్రి ఒకసారి తన తల్లినడిగి చూడవలెను, ఆమె మఱచియుండదు.

అయినను మన యిండ్లలో మొదటి చికిత్స బెత్తమే. తడిసిన దుప్పటిని వీధివైపున ఆరవేయుట, చుట్టములయెదుట పరిహసించుట, తాయెత్తు కట్టించుట, ఇవన్నియు జరుగుచునే యున్నవి. కొన్నియేండ్ల క్రిందట మాయొద్ద చేరిన యొక బాలుని పొట్టమీద వాతమచ్చ యుండెను. ఎవరు పెట్టిరని యడుగగా, “రాత్రి తడుపుచున్నానని మా పెద్దమ్మ పెట్టినదండి” అని, తలదువ్వినదని చెప్పినట్లే చెప్పెను. నిద్రలో జరుగు పనికి మెలకువలో శిక్ష వేసిన ఫలమేమి? భయము హెచ్చునుగాని పక్క ఆరదు.

చికిత్సకుముందు ఒకసారి వైద్యునికి చూపుట మంచిది. ఆఱు మాసములో అంతకు మించియో పొడిగా నుండిన బిడ్డ మరల తడుప నారంభించినను, పగలుకూడ తడుపుచున్నను, మూత్రమునకు పోవునపుడు మంట యున్నను, అతిదాహమును చిక్కిపోవుటయు కనబడినను ఆలస్యము చేయరాదు. మధుమేహము కొందఱు పిల్లలలో ఇట్లే బయటపడును. మలబద్ధకమును గూర్చి మనవారు తలపనే తలపరు. నిండియున్న ప్రేగు మూత్రాశయమును నొక్కుచుండును; దానిని సరిచేయుటతోనే పక్క ఆరిన పిల్లలు కలరు.

ఇంటిలో చేయదగినవి కొన్ని యున్నవి. పగలంతయు నీరు బాగుగా త్రాగనిచ్చి, పరుండుటకుముందు రెండు గంటలు తగ్గింపవలెను. పగలుకూడ దాహముతో ఉంచుట తప్పు. సాయంకాలము కాఫీ, టీలు వలదు. నిద్రకుముందు మూత్రమునకు పంపవలెను. అర్ధరాత్రి బిడ్డను భుజముమీద వేసికొని దొడ్డిలోనికి తీసికొనిపోవు తల్లులు కలరు. దానివలన ఆ రాత్రి చాప పొడిగానుండును, అంతే. నిద్రమత్తులో నిలువబడిన బిడ్డకు తానుగా లేచుట అలవడదు.

ఆ మేలుకొనుటను నేర్పునది గంట. దీని కథ విచిత్రమైనది. ఫౌండ్లర్ అను శిశువైద్యుడు పక్క తడిసినవెంటనే నర్సులకు తెలియుటకై గంట మ్రోగు నొక పరికరమును గూర్చి 1904లో ప్రకటించెను. బట్టలు మార్చుటయే దాని ఉద్దేశము; కాని కొందఱు పిల్లలు తడుపుటయే మానిరి. 1938లో అమెరికాలో మౌరర్ దంపతులు దీనినే చికిత్సగా రూపొందించిరి. ఇప్పుడది లోదుస్తులకు తగిలించుకొను చిన్న పరికరము. ఒక్క చుక్క తగిలినను మ్రోగును. మొదటి వారములలో ఇంటిల్లిపాదియు లేచును, బిడ్డమాత్రము లేవడు! అప్పుడు విసుగుకొనక, అతనిని పూర్తిగా మేలుకొలిపి, గంటను అతనిచేతనే ఆపించి, మూత్రమునకు పంపి, గుడ్డలు మార్పించి, గంటను మరల తగిలింపవలెను. క్రమముగా తడిమరక చిన్నదగును; పిమ్మట గంటకుముందే మెలకువ వచ్చును; కొందఱు తెల్లవాఱువఱకు పొడిగానే నిద్రింతురు. వరుసగా 14 రాత్రులు పొడిగా గడచినచో ఆపి చూడవచ్చును. దీనికి రెండు మూడు మాసములు పట్టును. ఓపికతో సాగించినవారిలో సుమారు మూడింట రెండువంతులమందికి గుణమిచ్చును. మానిన పిమ్మట కొందఱికి తిరిగి వచ్చును. అప్పుడు గంటను మరల తగిలించినచో చాలమందికి నయమగును. 6, 7 ఏండ్లు నిండి, మానవలెనను కోరిక బిడ్డకే యున్నపుడు ఇది ఫలించును. ముప్పదిమంది ఒకే సాలలో పరుండు వసతిగృహములో గంట కష్టమే. మ్రోగక శరీరమున కదలికమాత్రము కలిగించు పరికరములును ఉన్నవి. అయినను సెలవులలో ఇంటివద్ద ఆరంభించుట మేలని నా యభిప్రాయము.

మందులలో ముఖ్యమైనది డెస్మోప్రెస్సిన్. వాసోప్రెస్సినును పోలినది కావున మొదటిరాత్రియే పనిచేయవచ్చును. కాని మాత్ర మానినచో చాలమందిలో తడుపుట తిరిగి వచ్చును. పెండ్లికో, విహారయాత్రకో పోవలసినపుడు, లేదా ఇంటిలో గంట సాగనపుడు ఇది ఆదుకొనును. వైద్యుడు సాధారణముగా 0.2 మిల్లీగ్రాముల మాత్ర నొకటి నిద్రకుముందు వేయించి, చాలకున్న రెండిచ్చును. మాత్రకు గంట ముందునుండి 8 గంటల తరువాతివఱకు నీరు గుటకలకు మించరాదు. ఇది చాదస్తము కాదు. నీరు ఒంట నిలిచి, రక్తములో సోడియము తగ్గి, మూర్ఛ రావచ్చును. ఈ ప్రమాదముచేతనే ముక్కులో చల్లు రూపమును పక్క తడుపుటకు వాడరాదని అమెరికా ఔషధ నియంత్రణశాఖ 2007లో నిర్ణయించెను. వాంతులు, విరేచనములు, జ్వరము ఉన్నరోజున మాత్ర మానవలెను. ఇమిప్రమిన్ అను పాతమందు కలదు. మోతాదు మించిన గుండెకు ప్రాణాపాయము గనుక, ఇతర మార్గములు ఫలింపనిచోట వైద్యుని కనుసన్నలలోనే వాడవలెను. చిన్నపిల్లలకు అందుచోట నుంచనేరాదు.

బిడ్డను వసతిగృహములో చేర్చుదినమున తల్లిదండ్రులు ఈ సంగతిని నాతో ఏకాంతముగ చెప్పిన చాలును, చీటి వ్రాసి యిచ్చినను సరియే. చాపక్రింద రబ్బరుగుడ్డయు, మఱియొక దుప్పటియు, మరుగుదొడ్డికి దగ్గఱగా పడకయు ఏర్పాటు చేయుదుము. ఆ చీటి నా పెట్టెలోనే యుండును.