జెండా లేని ఓటు నాది

“ఈసారి మీ ఓటెవరికండీ?” అని అడిగితే నవ్వి ఊరుకుంటాను. పుట్టింటివాళ్లది ఒక పార్టీ, అత్తింటివాళ్లది ఇంకో పార్టీ. నాకు ఏ జెండా లేదు. అలాగని కళ్లు మూసుకుని మీట నొక్కి రాను. నా లెక్కలు నాకున్నాయి.

మాది నెల్లూరు జిల్లా. దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డ జిల్లా. 1994 అసెంబ్లీ ఎన్నికల్లో నాది తొలి ఓటు. అప్పటి కాంగ్రెస్ ప్రభుత్వం 1993 అక్టోబరు 1 నుంచి సారాను నిషేధించింది. బ్రాందీ షాపులు మాత్రం అలాగే ఉన్నాయి. తెలుగుదేశం సంపూర్ణ మద్యనిషేధం తెస్తానంది. ఒకరు సగం చేసి చూపించారు, ఇంకొకరు మొత్తం చేస్తామన్నారు. ఎవరికెయ్యాలి?

మా వీధిలో ప్యాకెట్టు పోయి సీసా వచ్చింది. తాగుడు ఆగలేదు, కూలిడబ్బు ఇంటికి చేరలేదు. అందుకే సంపూర్ణ నిషేధానికే ఓటేశాను. ఎన్టీ రామారావు గారు ప్రమాణం చేసిన రోజే ఆ ఫైలు మీద సంతకం చేశారు. 1995 జనవరిలో నిషేధం అమలైంది. 1997లో సడలించారు. ఖజానాకు రాబడి తగ్గిందన్నారు. ఆ ఓటు వేసినందుకు నాకు చింత లేదు. కాని అప్పట్నుంచి ఏ వాగ్దానం విన్నా, “దీనికి డబ్బు ఎక్కణ్నుంచి తెస్తారు?” అని అడగడం అలవాటైంది.

ఇప్పుడు ఇంకో సౌకర్యం ఉంది. సుప్రీంకోర్టు 2002, 2003 తీర్పుల తర్వాత ప్రతి అభ్యర్థీ తన మీద కేసులు, ఆస్తులు, అప్పులు, చదువు అఫిడవిట్‌లో చెప్పి తీరాలి. ఎన్నికల సంఘం వెబ్‌సైట్‌లో అవి దొరుకుతాయి. చీర కొనేముందు అంచు, కొంగు తిరగేసి చూస్తాం కదా, ఇదీ అంతే. ఆడవాళ్లను వేధించిన కేసుంటే ఆ పేరు అక్కడే పక్కన పెడతాను. తర్వాత, మంచినీళ్లు రానప్పుడు ఫోనెత్తింది ఎవరో గుర్తుచేసుకుంటాను.

ఇద్దరూ నచ్చకపోతే? 2013 నుంచి ‘నోటా’ ఉంది. దానికి ఎక్కువ ఓట్లు పడినా, అభ్యర్థుల్లో ముందున్నవారే గెలుస్తారు. అందుకే రేపు వెళ్లి నిలదీయగలిగిన మనిషినే ఎంచుకుంటాను.

ఇంట్లోవాళ్లు చెప్పిన గుర్తుకే వేయాలనే అక్కచెల్లెళ్లకు ఒక్క మాట. వీవీప్యాట్ చీటీ ఏడు సెకన్లు కనిపిస్తుంది, అదీ మీకొక్కరికే. తర్వాత పెట్టెలో పడిపోతుంది. ఎవరికేశారో ఇంట్లో చెప్పాల్సిన పనిలేదు. ముందు జాబితాలో మీ పేరుందో లేదో చూసుకోండి.