సామెతలలో వాక్య నిర్మాణం

ఖరగ్‌పూర్ పక్కనున్న సాలువాలో చదువుకొనే మీకు వీధిలో బెంగాలీ, హిందీ, నేపాలీ వినబడతాయి. బెంగాల్ నాగపూర్ రైల్వే పనులకు వచ్చిన తెలుగువారి తరువాతి తరాలకు తెలుగు ముఖ్యంగా ఇంటి భాష. సామెతలు పెద్దల నోట విని ఉంటారు. రాసేటప్పుడే చిక్కు వస్తుంది.

"మొరిగే కుక్క కరవదు." దీనిని హిందీలో ఆలోచించి రాసేవారు "ఏ కుక్క మొరుగుతుందో ఆ కుక్క కరవదు" అంటారు. ఇది తప్పు కాదు. కాని మూడు మాటల సామెత ఆరు మాటలైంది, బిగువు పోయింది. హిందీలో 'జో' చేసే పనిని తెలుగులో 'మొరిగే' అనే క్రియాజన్య విశేషణం ఒక్కటే చేస్తుంది.

ఇప్పుడు బెంగాలీ సామెత చూడండి: "జతో గర్జే తతో బర్షే నా" (ఎంత ఉరుముతుందో అంత కురవదు). బెంగాలీలో ప్రశ్నకు 'కతో', ఇటువంటి జంట వాక్యానికి 'జతో'. తెలుగులో రెంటికీ 'ఎంత' ఒక్కటే. "ఎంత చెట్టుకు అంత గాలి" అన్నప్పుడు ఎవరూ ప్రశ్న అనుకోరు, వెంటనే 'అంత' వస్తుంది గనుక. ఇందులో క్రియ కూడా లేదని గమనించారా? "ఆయన మా మామయ్య" వంటి వాక్యానికి మామూలుగానే క్రియ అక్కరలేదు. సామెత మాత్రం ఉండవలసిన క్రియను కూడా వదిలేస్తుంది. "నోరు మంచిదైతే ఊరు మంచిది" అన్నదీ అంతే. 'అయితే' అనే చేదర్థకం ఉంది, చివర 'అవుతుంది' లేదు.

తెలుగుతో ఏ చుట్టరికమూ లేని ఉజ్బెక్ భాషలో ఒక సామెత ఉంది: "యెత్తి ఓల్చాబ్, బిర్ కెస్." యెత్తి అంటే ఏడు, ఓల్చాబ్ కొలిచి, బిర్ ఒకటి, కెస్ కొయ్యి. ఏడుసార్లు కొలిచి ఒకసారి కొయ్యి! మాటల వరుస కూడా మనదే. 'కొలిచి' వంటి క్త్వార్థకం అక్కడా ఉంది, ప్రధాన క్రియ అక్కడా చివరనే.

మన "కొండను తవ్వి ఎలుకను పట్టినట్లు" అన్నదానిలోనూ 'తవ్వి' క్త్వార్థకమే. అయితే ఇది పూర్తి వాక్యం కాదు. 'పట్టినట్లు' దగ్గర చుక్క పెట్టి ఆపడం అభ్యాసకులు తరచు చేసే పొరపాటు. ఇలా రాయాలి: "వారం రోజులు వెతికి, కొండను తవ్వి ఎలుకను పట్టినట్లు, ఒక పాత రసీదు తెచ్చాడు." పూర్తి వాక్యంగా ఉన్న సామెతకైతే 'అన్నట్లు' చేర్చాలి: "మొరిగే కుక్క కరవదన్నట్లు, ఆయన కేకలే గాని కోపం లేదు."

మీ ఇంట్లో వినే సామెతలు రెండు రాసి, వాటిలో ఏది పూర్తి వాక్యమో గుర్తించండి. తరువాత రెంటినీ సొంత వాక్యాలలో ప్రయోగించండి.