తాకట్టు వేలం - షరీఅత్ దృక్పథం

అనంతపురం మెట్ట భూములలో వేరుశనగ పంట పూర్తిగా వాన మీదనే ఆధారపడి ఉంటుంది. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వర్షం మాత్రమే కురిసే ఈ ప్రాంతంలో ఒక్క అదను తప్పితే పంట మిగలదు, పెట్టుబడికి తెచ్చిన అప్పు మాత్రం మిగులుతుంది. ఆ అప్పుకు హామీగా ఇంట్లోని నగలను కుదువ పెట్టడం పరిపాటి. గడువు దాటిన పిదప ఆ నగలు ఎవరివి? ఋణదాత వాటిని వేలం వేయవచ్చునా? వడ్డీ లేకుండా అప్పులిచ్చే సంస్థలకు సైతం ఈ ప్రశ్న తప్పదు.

తాకట్టును షరీఅత్ పరిభాషలో 'రహ్న్' అంటారు. దివ్య ఖుర్ఆన్ అల్ బఖరా అధ్యాయం 283వ వాక్యంలో దీనికి అనుమతి ఉంది. దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) స్వయంగా మదీనాలో ఒక యూదుని వద్ద తమ కవచాన్ని కుదువ పెట్టి యవలు తీసుకున్నారు. అజ్ఞానకాలంలో గడువు తీరగానే తాకట్టు వస్తువు ఋణదాత సొంతమయ్యేది. ఈ ఆచారాన్ని దైవప్రవక్త రద్దు చేశారు. కనుక అమ్ముడయ్యే వరకు వస్తువు ఋణగ్రస్తునిదే. దానిని అమ్మగా వచ్చిన సొమ్ము నుండి ఇతరులకంటే ముందుగా బాకీ రాబట్టుకొనడమే ఋణదాత హక్కు.

మరి అమ్మవలసినది ఎవరు? మొదట యజమానియే. లేదా ఒప్పందంలో అతడు నియమించిన ప్రతినిధి. ఇద్దరూ లేనప్పుడు వ్యవహారం ఖాజీ వద్దకు పోతుంది. ఖాజీ బలవంతంగా అమ్మరాదనీ, యజమాని తానే అమ్మే వరకు అతనిని నిర్బంధించవచ్చుననీ ఇమామ్ అబూ హనీఫా అభిప్రాయం. ఆయన శిష్యులు అబూ యూసుఫ్, ముహమ్మద్ గారలు మాత్రం ఖాజీ అమ్మవచ్చునన్నారు. 1869-76 మధ్య రూపొందిన ఉస్మానియా ధర్మస్మృతి 'మజల్లా' ఈ రెండవ అభిప్రాయాన్నే స్వీకరించింది.

మన దేశంలో ఇస్లామీయ బ్యాంకులు లేవు. ఆ ప్రతిపాదనను కొనసాగించరాదని రిజర్వు బ్యాంకు 2017లో నిర్ణయించింది. అయితే నగల తాకట్టుకు వర్తించే 1872 నాటి కాంట్రాక్టు చట్టం 176వ సెక్షను ఈ విషయంలో షరీఅత్‌కు దగ్గరగానే ఉన్నది. అమ్మకానికి ముందు తగిన నోటీసు ఇవ్వాలి. మిగులు యజమానికి చెందుతుంది. తక్కువ పడితే ఆ మేరకు బాకీ నిలుస్తుంది.

ఉదాహరణకు బాకీ 20,000 రూపాయలు, పాట 26,000 పలికింది, వేలం ఖర్చు 500 అనుకుందాం. మిగిలిన 5,500 రూపాయలు యజమానికి తిరిగి ఇవ్వాలి. ఆలస్యమైనదని బాకీ మీద ఒక్క రూపాయి పెంచినా అది వడ్డీయే. ఋణదాత తానే పాటదారుడై తక్కువ ధరకు నగలు దక్కించుకుంటే, ప్రవక్త రద్దు చేసిన ఆచారాన్ని దొడ్డిదారిన తెచ్చినట్లే.

వేలానికి ముందు విచారించవలసినది మరొకటి ఉన్నది. అప్పు తీర్చలేనివాడు, తీర్చనివాడు ఒకటి కారు. స్తోమత ఉండి వాయిదాలు వేయడం అన్యాయమని హదీసు చెబుతున్నది. ఇబ్బందిలో ఉన్నవానికి వెసులుబాటు కలిగే వరకు గడువు ఇవ్వాలని, మాఫీ చేస్తే మరింత మేలని అల్ బఖరా 280వ వాక్యం ఆదేశిస్తున్నది. కరువు సీమలో వాన రాని ఏడు ఋణగ్రస్తుని నేరం కాదు. కావున ఇచ్చిన గడువును, వేలం షరతులను, మిగులు లెక్కను ముందే కాగితం మీద వ్రాసుకొనడం ఉభయులకూ శ్రేయస్కరం.