ఇంజనుకు లెక్క నేర్పుట

పూర్వము మోటారు మెకానిక్కులలో కొందఱు చెవిని బట్టియే ఇంజను బాగోగులు చెప్పెడివారు. కారు షెడ్డులోనికి వచ్చి ఆగకమునుపే "ఒక సిలిండరు తప్పుచున్నది" అని యనెడివారు. స్పార్కు ప్లగ్గు విప్పి దాని మొన చూచి, నల్లబడినచో పెట్రోలు ఎక్కువైనదనియు, తెల్లబడినచో తక్కువైనదనియు, కాలిన ఇటుకరంగున నున్నచో సరిపోయినదనియు నిర్ణయించెడివారు. పిమ్మట కార్బురేటరు జెట్టును మార్చుటయో, స్క్రూను పావుచుట్టు త్రిప్పుటయో చేసెడివారు. ఆ విద్య నశింపలేదు. దాని పనిముట్టు మాత్రము మారినది. స్క్రూ ఉన్నచోట నేడు అంకెలున్నవి. మెకానిక్కు చేతిలో స్క్రూడ్రైవరుతోపాటు ల్యాప్‌టాప్ వచ్చి చేరినది.

ఇంజనుకు ఎప్పుడెంత పెట్రోలు ఇయ్యవలెను, నిప్పురవ్వను ఏ క్షణమున రగిలింపవలెను అను రెండు ప్రశ్నలకు సమాధానము చెప్పు చిన్న కంప్యూటరునే ఇంజను కంట్రోల్ యూనిట్ అందురు, క్లుప్తముగా ఇ.సి.యు. 1967లో ఫోక్స్‌వ్యాగన్ 1600 కారునకు బాష్ కంపెనీవారు ఎలక్ట్రానిక్ పద్ధతిని పెట్రోలు చిమ్ము సాధనము నమర్చిరి. 1979లో బి.ఎం.డబ్ల్యు. 732ఐ కారులో పెట్రోలును, నిప్పురవ్వను ఒకే పెట్టె పాలించు మోట్రానిక్ విధానము వచ్చినది. తరువాత కార్బురేటరు క్రమముగా కనుమఱుగైనది.

కర్మాగారమువారు ఈ పెట్టెలో వ్రాసిపెట్టు అంకెలు లక్షలాది కారులకు సరిపడునట్లు, మంచి పెట్రోలునకు చెడ్డ పెట్రోలునకు, శీతల దేశమునకు ఉష్ణ దేశమునకు పనికివచ్చునట్లు కూర్చినవి. ఇంజను మారనంతవరకు వానికి వంక పెట్టనవసరము లేదు. కాని పందెములయం దాసక్తి గలవారు ఇంజనుకు టర్బో అమర్చుదురు, కామ్‌షాఫ్టు మార్చుదురు, పెద్ద ఇంజెక్టరులు పెట్టుదురు. అప్పుడు పాత అంకెలు ఆ ఇంజనువి కావు. ఇట్టివారికొఱకు విడిగా అమ్ము ఇ.సి.యు.లు పుట్టినవి. ఆస్ట్రేలియాలో 1986లో హాల్‌టెక్, 1987లో మోటెక్ సంస్థలు ప్రారంభమైనవి. 2001లో అమెరికాలో బ్రూస్ బౌలింగ్, అల్ గ్రిప్పో అనువారు మెగాస్క్విర్ట్ అను పేర, ఔత్సాహికులు తమచేతనే సోల్డరింగు చేసికొని కూర్చుకొనదగిన ఇ.సి.యు.ను వెలువరించిరి. ఇట్టి పెట్టెను కొని బిగించినంత మాత్రమున ఏమియు కాదు. అది కొత్త పలక వంటిది. దానికి ఈ ఇంజనును గుఱించి ఏమియు తెలియదు. దానికి నేర్పుటయే ట్యూనింగు.

ఒక్క ఉదాహరణము చూతము. 1989లో వచ్చిన మజ్దా ఎం.ఎక్స్.5 అను చిన్న కారులో 1597 ఘన సెంటీమీటర్ల ఇంజను కలదు. నాలుగు సిలిండరులు, ఒక్కొక్కటి సుమారు 400 ఘన సెంటీమీటర్లు. విదేశములలో ఔత్సాహికులు ఎక్కువగా చేయి చేసికొనిన కారులలో నిది యొకటి. 27 డిగ్రీల వేడిమియు, 100 కిలోపాస్కలుల పీడనమును గల గాలి ఒక లీటరు 1.16 గ్రాములు తూగును. కావున సిలిండరు నిండుగా పీల్చినచో 0.46 గ్రాముల గాలి పట్టవలెను. కాని ఇంజను నిండుగా పీల్చదు. వాల్వు తెఱచియుండు కాలము స్వల్పము. గొట్టపు మలుపులు అడ్డము వచ్చును. నూటికి 90 వంతులే నిండెననుకొందము. అప్పుడు గాలి 0.42 గ్రాములు. ఈ నిండుడు శాతమే ఈ విద్య కంతకును మూలము. గాలి పీడనము, వేడిమి సెన్సారులు చెప్పును. సిలిండరు పరిమాణము మనకు తెలియును. నిండుడు శాతము నొక్కదానినే ప్రయోగముచేత కనుగొనవలెను.

ఒక గ్రాము పెట్రోలు పూర్తిగా కాలుటకు 14.7 గ్రాముల గాలి కావలెను. మామూలు ప్రయాణములో ఈ పాలు మంచిది. పూర్తి శక్తి కావలసినపుడు 12.5 పాలు గాలికి ఒక పాలు పెట్రోలు ఇత్తురు. ఇది దుబారా వలె కనిపించును గాని కాదు. అక్కడ కొఱతగా నున్నది గాలియే; లోపలికి వచ్చిన ప్రాణవాయువు కొంచెమైనను మిగులకుండ కాల్చుటకు పెట్రోలు కాస్త హెచ్చుగా నుండవలెను. ఆ హెచ్చు పెట్రోలు ఆవిరియగుచు సిలిండరును కొంత చల్లబఱచును గూడ. ఈ లెక్కన మన సిలిండరునకు విడతకు 33 మిల్లీగ్రాముల పెట్రోలు కావలెను.

నిమిషమునకు 200 ఘన సెంటీమీటర్లు చిమ్ము ఇంజెక్టరు మిల్లీసెకనుకు సుమారు రెండున్నర మిల్లీగ్రాములిచ్చును. 33 మిల్లీగ్రాములకు పదమూడున్నర మిల్లీసెకనులు పట్టును. దానికి ఇంకొక మిల్లీసెకను కలుపవలెను; ఏలయన ఇంజెక్టరు విద్యుత్తు తగిలిన వెంటనే తెఱచుకొనదు. ఈ ఆలస్యము బ్యాటరీ వోల్టేజి తగ్గినకొలది పెరుగును. ఇంజను నిమిషమునకు 6000 చుట్లు తిరుగుచుండగా, రెండు చుట్లకొకసారి వచ్చు ఈ పనికి ఉన్న మొత్తము కాలము 20 మిల్లీసెకనులు. పదునాలుగున్నర సరిపోయినది. ఇప్పుడు టర్బో పెట్టి గాలి పీడనమును 150కి పెంచితిమనుకొనుడు. పెట్రోలు ఒకటిన్నర రెట్లు కావలెను. కాలము 21 మిల్లీసెకనులు దాటును. ఉన్నది ఇరువదియే. ఇంజెక్టరు మూతపడకుండ చిమ్మినను పెట్రోలు చాలదు. ఏ అంకె మార్చినను ఫలితముండదు, ఇంజెక్టరునే మార్చవలెను. లెక్క కాగితముమీద ముందుగా వేయనివారు దీనిని కరిగిన పిస్టను చూచి తెలిసికొందురు.

నిండుడు శాతము ఇంజను వేగమును బట్టియు, పీడనమును బట్టియు మారును. కావున దానిని గళ్ళ పట్టికగా వ్రాయుదురు. అడ్డముగా వేగము, నిలువుగా పీడనము. పదునాఱు వరుసలు, పదునాఱు నిలువులు ఉన్నచో 256 గళ్ళు. ఇంజను రెండు గళ్ళ నడుమ నున్నపుడు ఇ.సి.యు. చుట్టునున్న నాలుగు గళ్ళనుండి దామాషా లెక్క కట్టుకొనును.

ఈ గళ్ళను నింపుటకు కారును డైనమోమీటరు రోలర్లపై నెక్కించి, ఒక్కొక్క వేగమువద్ద నిలిపి, పొగగొట్టములోని సెన్సారు చెప్పు అంకెను చూతురు. ఆ అంకెను లాంబ్డా అందురు. పెట్రోలు గాలికి సరిగా సరిపోయినచో 1. పెట్రోలు ఎక్కువైనచో అంతకు తక్కువ. గాలి ఎక్కువైనచో అంతకు పైన. మనము కోరినది 0.88, వచ్చినది 0.97 అయినచో పెట్రోలు పదిశాతము తగ్గినదని యర్థము. ఆ గడిలో 80 ఉన్నచో 88 వ్రాయవలెను. ఇంత సులభము. కాని సెన్సారు మాట వినుటకుముందు అది ఏమి చెప్పుచున్నదో తెలిసికొనవలెను. అది పెట్రోలును చూడదు. మిగిలిన ప్రాణవాయువును చూచును. పొగగొట్టమునకు ఎక్కడనో బీటయుండి బయటిగాలి దూరినచో, పెట్రోలు తక్కువైనదని చెప్పును. ప్లగ్గు వెలుగక ఒక విడత మంట తప్పినచో, కాలని ప్రాణవాయువు నెల్ల చూచి అప్పుడును పెట్రోలు తక్కువనియే చెప్పును. దానిని నమ్మి పెట్రోలు పెంచుచు పోయినచో ప్లగ్గులు ఇంకను తడియును. అంకెలు వచ్చినను చెవి పని పోలేదనుట కిది చాలును.

నిజమునకు పట్టిక నింపుట రెండవ పని. మొదటి పని సెన్సారులను సరిచూచుట. నీటి వేడిమిని చెప్పు సెన్సారును గిన్నెలో కరుగుచున్న మంచుముక్కల నడుమ నుంచి ఒకసారి, గదివేడిమిలో ఒకసారి, మరుగుచున్న నీటిలో ఒకసారి దాని నిరోధము కొలిచి, ఆ మూడు అంకెలను ఇ.సి.యు.కు చెప్పవలెను. ఇంజను ఆగియున్నపుడు పీడన సెన్సారు ఆ ఊరి వాయుపీడనమునే చూపవలెను. విశాఖపట్టణమున సముద్రపుటొడ్డున సుమారు 101, హైదరాబాదులో సుమారు 95. హైదరాబాదులో నిలిచియున్న కారు 101 చూపుచున్నచో ఆ సెన్సారు అబద్ధమాడుచున్నది. దానిపై కట్టిన ప్రతి గడియు అబద్ధమే.

అన్నింటికంటె ముఖ్యమైనది నిప్పురవ్వ వేళ. క్రాంకుకు తగిలించిన పండ్లచక్రములో, సాధారణముగా అరువది పండ్ల స్థానములలో రెండు వదలివేసి ఖాళీ యుంచుదురు. ఆ ఖాళీని చూచియే ఇ.సి.యు. పిస్టను ఎక్కడనున్నదో లెక్కించుకొనును. కాని ఖాళీకిని పిస్టను శిఖరస్థానమునకును ఎన్ని డిగ్రీల దూరమో మనము చెప్పవలెను. అందుకు నిప్పురవ్వను 10 డిగ్రీలకడ కదలకుండ కట్టివేసి, టైమింగు లైటు వెలుగులో పుల్లీమీది గుర్తును చూచి సరిపెట్టవలెను. నా యెఱుకలో ఒక మిత్రుని కారునకు ఒక షెడ్డులో ఈ పని చేయలేదు. తెరమీద 20 డిగ్రీలని కనబడుచుండెను. పట్టిక అందముగానుండెను, లాంబ్డా సరిగానుండెను. రెండు వారములకు ఒక సిలిండరు పోయినది. పిస్టను అంచు బిస్కత్తువలె విరిగియుండెను. మేము ఇంజను కూర్చి లైటు పట్టి చూడగా, తెరమీది 20 వాస్తవమునకు 28. ఆ లైటు అక్కడి గోడకు వ్రేలాడుచునే యుండెనట. లైటు పట్టి చూచుటకు పది నిమిషములు పట్టదు.

ఎనిమిది డిగ్రీలకింత ముప్పు ఏల? 6000 చుట్లవద్ద క్రాంకు ఒక్క మిల్లీసెకనులో 36 డిగ్రీలు తిరుగును. మంట వ్యాపించుటకు కాలము పట్టును గనుక పిస్టను పైకి రాకముందే నిప్పు రగిలింపవలెను. పీడనము శిఖరస్థానము దాటిన సుమారు 15 డిగ్రీలకడ గరిష్ఠమైనచో బలము బాగుగా అందును. డైనమోమీటరుమీద ఒక్కొక్క డిగ్రీ ముందునకు జరుపుచుండగా బలము పెరిగి, పెరిగి, ఒకచోట నిలిచిపోవును. ఆ నిలుకడ వచ్చిన మొదటి చోటనే ఆగవలెను. అంతకు ముందునకు పోయినచో లాభము లేదు, అపాయము మాత్రము కలదు. టర్బో ఇంజనులలో ఆ నిలుకడ రాకమునుపే అపాయము వచ్చును. మంట ఇంకను చేరని మూలనున్న మిశ్రమము వేడికిని ఒత్తిడికిని తనంత తానే ఒక్కపెట్టున అంటుకొనును. దీనినే నాకింగు అందురు. 80 మిల్లీమీటర్ల వెడల్పు సిలిండరులో ఆ అదురు సెకనుకు సుమారు ఏడువేల కంపనములతో మ్రోగును. సిలిండరు బ్లాకునకు మైక్రోఫోను బిగించి, చెవులకు హెడ్‌ఫోను పెట్టుకొని, నిపుణులు ఆ టకటకకై కాచుకొని కూర్చుందురు. అది ఒక్కసారి వినబడుసరికి పాదము ఆక్సిలరేటరుమీదినుండి లేవవలెను.

మనదేశమున ఈ పనికి మఱి రెండు చిక్కులు కలవు. ఒకటి ఎండ. 15 డిగ్రీల శీతకాలపు ఉదయమునకంటె 42 డిగ్రీల వేసవి మధ్యాహ్నమున గాలి సుమారు తొమ్మిదిశాతము పలుచన. డిసెంబరులో చేసిన ట్యూనింగు మే నెలలో సరిగా నడవవలెనన్నచో గాలి వేడిమి సెన్సారు నమ్మకమైనదై, ఇంజను సెగ తగులని చోట నుండవలెను. రెండవది పెట్రోలే. ఇథనాలునకు తొమ్మిదిపాళ్ళ గాలియే చాలును. 2025నాటికి మన బంకులలో వాడుకకు వచ్చిన, నూటికి ఇరువదిపాళ్ళు ఇథనాలు కలిసిన పెట్రోలునకు సరియైన పాలు 14.7 కాదు, సుమారు 13.5. కలుపులేని పెట్రోలుతో నింపిన పట్టికను అట్లే యుంచి ఈ ఇంధనము పోసినచో, పెట్రోలు సుమారు ఎనిమిదిశాతము చాలనట్లగును. ఇథనాలు నాకింగును కొంత ఆపగలదు; కాని ఆ ఎనిమిదిశాతము కొఱతను పూడ్చదు. కావున ఏ ఇంధనముతో ట్యూనింగు చేసినదియు కాగితముమీద వ్రాసి కారులో ఉంచుట మేలు.

ఇంకొక మాట. మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను ప్రకారము రిజిస్ట్రేషనులో నున్న వివరములకు విరుద్ధముగా బండిని మార్చరాదు. పొగ పరిమితులును కలవు. ఈ పనికి తగిన చోటు పందెపు బాట. మద్రాసు దగ్గఱ ఇరుంగట్టుకోటలో, కోయంబత్తూరు దగ్గఱ కరి స్పీడ్‌వేలో అట్టివి యున్నవి.

పూర్తి వేగమునకు పట్టిక కుదిరి, డైనమోమీటరు కాగితము చేతికి రాగానే యజమాని పని అయిపోయినదనుకొనును. నా లెక్కన అప్పటికి సగము కూడ కాలేదు. ఆక్సిలరేటరు ఒక్కసారిగా త్రొక్కినపుడు గాలి వెంటనే వచ్చును, గోడలకంటుకొను పెట్రోలు వెనుకబడును. ఆ క్షణమునకు వేఱు పట్టిక. కూడలివద్ద ఏ.సి. వేసి నిలిచియున్నపుడు ఇంజను ఆగిపోకుండుటకు వేఱు అంకెలు. చల్లని ఇంజను మొదలుపెట్టుట అన్నింటిలోను విసుగు పుట్టించునది. ఏలయన ఇంజను ఒకసారి రగిలినచో వేడెక్కును. మరల చల్లబడుటకు రాత్రియంతయు పట్టును. కనుక తెల్లవాఱుజామున ఒక్క ప్రయత్నము, ఒక్క సవరణ. మఱునాడు మరల ఒకటి. వేసవిలో వచ్చిన బండికి పది డిగ్రీల గడి నింపుటకు వీలే లేదు. అందుచేత తెలిసిన ట్యూనరు ఆ గడిలో ఉజ్జాయింపు అంకె యొకటి వ్రాసి, డిసెంబరులో ఒక రాత్రి బండిని తనవద్ద విడిచిపొమ్మని యజమానికి ముందే చెప్పును.